సుగ్గికి పోయే ముందు: బిడ్డను అవ్వ దగ్గర వదిలేదెట్లా

దీపావళి దాటిందంటే మా కర్నూలు జిల్లా ఊళ్లలో కూలీలను కుదుర్చుకునే మేస్త్రీలు తిరగడం మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఇటు ఆదోని చుట్టుపక్కల పల్లెలు. అడ్వాన్సు చేతిలో పడుతుంది, గుంటూరు వైపు మిరపకాయల కోతకు బండి కుదురుతుంది. ఇట్లా కోతల పనికి వలస పోవడాన్నే మేం సుగ్గి అంటాం. సంక్రాంతి అయ్యేసరికి వీధిలో ఇల్లు విడిచి ఇంటికి తాళం. తాళం లేని ఇళ్లలో అవ్వలూ పిల్లలూ.

నేనూ అట్లా మిగిలిన పిల్లనే. ఇప్పుడు ఆదోని దగ్గర బడిలో పాఠాలు చెప్తున్నా. సుగ్గికి పోవద్దని నేను ఎవరికీ చెప్పను. వాన మొహం చాటేసి, వడ్డీ నెత్తి మీదున్నవాళ్లకు ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. పోక తప్పనప్పుడు ఎట్లా పోతే బిడ్డ మనసుకు దెబ్బ తగలకుండా ఉంటుందో అది మాత్రం చెప్తాను. చదివేది మీరే అయినా మూడు నెలలు చేయాల్సింది మీ అమ్మో, అత్తో. కాబట్టి బండెక్కే ముందు ఒక సాయంత్రం కూర్చుని ఆమెకు చదివి వినిపించండి.

మొదట తేల్చుకోవాల్సింది: ఎవరిని వదలాలి

బిడ్డ వయసు చూడండి. ఆరు నెలలు దాటి మూడేళ్ల లోపు ఉన్న బిడ్డకు అమ్మ కనపడకపోవడం అన్నిటికంటే ఎక్కువ కష్టం. ఎందుకు పోయిందో చెప్పినా అర్థం కాదు, వస్తుందన్న మాటను మనసులో పట్టుకుని ఉండే శక్తీ రాలేదు. 1940, 50లలో లండన్‌లో జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు, ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఇట్లాంటి పిల్లల్ని దగ్గరగా చూశారు. ఆ రోజుల్లో అక్కడి ఆసుపత్రుల్లో బిడ్డ చేరితే తల్లిని దాదాపు లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. బిడ్డ మొదట గుక్కపట్టి ఏడ్చేవాడు. తర్వాత మూగబోయేవాడు. మరి కొన్నాళ్లకు నర్సులతో నవ్వుతూ ఆడుకునేవాడు, తల్లి వస్తే మాత్రం మొహం తిప్పుకునేవాడు. ఆసుపత్రివాళ్లు 'కుదురుకున్నాడు' అని రాసుకున్నారు. వాళ్లిద్దరూ మాత్రం అది కుదురుకోవడం కాదనీ, ఆశ వదులుకోవడమనీ చెప్పారు.

మా అవ్వలు కూడా అదే మాట అంటారు. "నాలుగు దినాలు ఏడ్చినాడు, ఇప్పుడు అలవాటయిపోయినాడులే."

అందుకని చేతనైతే చంకబిడ్డను వెంట తీసుకుపొండి. మిరప చేలో చేసే పనికి పసిబిడ్డ అడ్డమే, కాదనను. అట్లా కుదరకపోతే ఆలుమగల్లో ఒకరు ఉండే దారి ఉందేమో ఆలోచించండి. అదీ కాకపోతే, పోవడానికి రెండు వారాల ముందు నుంచే అన్నం పెట్టడం, నీళ్లు పోయడం, నిద్రపుచ్చడం అవ్వ చేత చేయించండి. మీరు అదే గడపలో ఉండాలి, పని మాత్రం ఆమె చేతుల మీదుగా జరగాలి. బిడ్డ ఏడిస్తే మీరు కనపడతారు. మీరు వెళ్లాక బిడ్డకు మారేది ఒక్కటే అవుతుంది, అన్నీ ఒకేసారి మారిపోవు.

బడికి పోయే పిల్లలైతే వలస కాలంలో నడిపే సీజనల్ హాస్టల్ మీ ఊళ్లో ఈ ఏడు తెరిచారా అని హెడ్మాస్టరును అడగండి. ఆరో తరగతి, ఆపైన చదివే ఆడపిల్లకు అక్కడే ఉండి చదువుకునే ప్రభుత్వ బడి, కస్తూర్బా విద్యాలయం ఉంది. అంగన్‌వాడీ వయసు పిల్లలుంటే ఆయమ్మకు మీరు పోయే తేదీ చెప్పండి. ఎక్కడ వదిలినా తోడబుట్టినవాళ్లను విడదీయొద్దు. పెద్దోణ్ని జేజి దగ్గర, చిన్నదాన్ని మేనత్త దగ్గర అని పంచుతుంటారు, పెద్దవాళ్లకు బరువు తగ్గుతుందని. పిల్లలకు మాత్రం అమ్మ లేని ఇంట్లో అన్న కూడా లేకుండా పోతాడు.

దొంగతనంగా పోవద్దు

మిగతాదంతా మర్చిపోయినా ఇది ఒక్కటి గుర్తుంచుకోండి.

మా ఊళ్లో బండి తెల్లారుజామున మూడు గంటలకు వస్తుంది. పిల్లలు లేస్తే ఏడుస్తారని చప్పుడు కాకుండా మూటలు ఎత్తుకుంటారు. నా చిన్నప్పుడు మా అమ్మానాయనలు అట్లే పోయినారు. లేచేసరికి పక్క చల్లగా ఉంది. పెరట్లో ఉందేమో అనుకున్నా. బాయి దగ్గర చూసినా. తర్వాత దండెం వైపు చూస్తే ఆకుపచ్చ చీర లేదు. అవ్వ "దుకాణానికి పోయింది, వస్తాదిలే" అనింది. ఆ పొద్దంతా దుకాణం అరుగు మీద కూర్చున్నా. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంట్లో అందరి తర్వాత పడుకుని అందరికంటే ముందు లేచేదాన్ని. పెళ్లయినాక కూడా తెల్లారుజామున మెలకువ వచ్చి, చెయ్యి చాచి పక్కన తడుముకునేదాన్ని. ఎందుకని నేనే ఎప్పుడూ అడుక్కోలేదు.

చెప్పి పోతే బిడ్డ ఏడుస్తాడు. ఏడవనీయండి, ఆ ఏడుపు మంచిదే. చెప్పకుండా పోతే ఆ ఒక్కరోజు ఏడుపు తప్పుతుంది గానీ, నిద్రపోతే మనుషులు మాయమవుతారని బిడ్డకు పాఠం వస్తుంది.

చెప్పే పద్ధతి ఇది. వారం ముందు చెప్పండి. నెల ముందు చెప్తే చిన్నపిల్లలకు లెక్క అందదు. మూడు విషయాలు చాలు: ఎక్కడికి పోతున్నాం, ఎందుకు పోతున్నాం, ఎవరు చూసుకుంటారు. "నేనూ నాయనా గుంటూరు పక్కన మిరపకాయలు కోయడానికి పోతున్నాం. అప్పు తీర్చాల. నువ్వు అవ్వ దగ్గర ఉంటావు, ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద. మళ్లీ వస్తాం." నాలుగో మాట ఒకటి ఉంది, దాన్ని చాలామంది చెప్పరు: "నువ్వు అల్లరి చేసినావని కాదు పోయేది." ఐదారేళ్ల బిడ్డ ఇంట్లో ఏది జరిగినా తన వల్లే జరిగిందనుకుంటాడు. వాడు అడగడు, మీరే చెప్పాలి.

పోయే పొద్దు మూడు గంటలైనా సరే, లేపండి. నిద్రకళ్లతో ఉన్నా వొళ్లో కూర్చోబెట్టుకుని చెప్పి, అవ్వ చంకకెత్తండి. బండి కదిలేదాకా చూడనీయండి. మీ వాసన పోకుండా, కట్టి విడిచిన చీర ఒకటి ఉతక్కుండా దండెం మీద వదిలిపెట్టండి. బిడ్డ రాత్రి దాన్ని కప్పుకుని పడుకుంటే అవ్వ దాన్ని ఉతకేయకుండా చూసుకోవాలి. మా అక్క కొడుకు విషయంలో శుభ్రం పిచ్చితో రెండో రోజే సబ్బు పెట్టింది నేనే.

చింతగింజల లెక్క

ఐదేళ్ల బిడ్డకు మూడు నెలలూ మూడేళ్లూ ఒకటే. కాలాన్ని చేతికి అందేట్టు చేయాలి. ఒక డబ్బాలో తొంభై చింతగింజలు పోయండి. రోజూ పడుకునే ముందు బిడ్డ ఒక గింజ తీసి ఖాళీ సీసాలో వేయాలి. డబ్బా తగ్గుతుంది, సీసా నిండుతుంది. కాలెండర్ కంటే ఇది బిడ్డకు సులువుగా అర్థమవుతుంది. కోత పది రోజులు పొడిగిస్తే దాచకుండా మీరే ఫోన్లో చెప్పి "ఇంకో పది గింజలు డబ్బాలో వేసుకో నాయనా" అనండి. 'ఆదివారం వస్తాం' అని చెప్పి రాకపోవడం కంటే 'ఇంకా పది' అని నిజం చెప్పడమే మేలు. ఎప్పుడొస్తారో మీకే తేలకపోతే గింజలు తక్కువగా కాకుండా నాలుగు ఎక్కువే పోయండి. ముందొస్తే పండగే కదా.

ఫోన్

రోజూ ఒకే వేళకు చేయండి, రెండు నిమిషాలైనా సరే. చేలో సిగ్నల్ లేకపోతే కుదిరే రోజులు ముందే చెప్పి పెట్టండి. "బాగా చదువుకుంటాండావా? అవ్వ మాట వింటాండావా?" అంటే బిడ్డ "ఊ" అంటాడు, అక్కడితో అయిపోతుంది. అందుకు బదులు మీ సంగతి చెప్పండి: మిరప ఘాటుకు చేతులు ఎట్లా మండుతున్నాయో, పొద్దున ఏం తిన్నారో, గుడిసె పక్కన కుక్కపిల్ల ఏం చేసిందో. బిడ్డ తన సంగతి తనంతట తానే చెప్తాడు. ఫోన్ పట్టుకుని ఏడిస్తే "ఏడిస్తే పెట్టేస్తా" అనకండి. "నాకూ నువ్వు గుర్తొస్తాండావు" అనండి, రెండు నిమిషాలు ఏడవనీయండి.

అవ్వకు చెప్పాల్సినవి

అవ్వను తక్కువగా చూడొద్దు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు వాళ్లు పెద్దయ్యేదాకా గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు, ఇవన్నీ చుట్టుముట్టిన పిల్లల్లోనూ మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అట్లాంటివాళ్ల బతుకులో తల్లో, అవ్వో, తాతో, ఎవరో ఒకరు గట్టిగా పట్టుకుని ఉన్న మనిషి తరచూ కనిపించారు. మన ఇళ్లలో ఆ మనిషి అవ్వే. అందుకే ఆమె నోటి నుంచి కొన్ని మాటలు రాకూడదు.

"అల్లరి చేస్తే మీ అమ్మ రాదు." "నిన్ను తవుడుకు కొన్నాం." "పోలీసోణ్ని పిలుస్తా." "మీ అమ్మకు దుడ్డే ముఖ్యం, నువ్వు కాదు." ఇవన్నీ నవ్వుతూ అనే మాటలే, మా అవ్వా అనేది. అమ్మ ఇంట్లో ఉన్న పిల్లకు అది తమాషా. అమ్మ ఊళ్లో లేని పిల్లకు అది నిజం.

కొట్టడం సంగతి. అవ్వకు మోకాళ్ల నొప్పులు, బీపీ, ముగ్గురు పిల్లలు, ఒక గేదె. చెయ్యి లేస్తుంది. నేను టీచరునే, బడిలో కొట్టడం 2009 విద్యాహక్కు చట్టంలోనే నిషేధం, అయినా ఇంట్లో నా చెయ్యి ఒకటి రెండుసార్లు లేచింది. కొట్టకూడదు. చెయ్యి లేచేట్టుంటే పిల్లవాణ్ని భద్రమైన చోట కూర్చోబెట్టి అవ్వ బయటికొచ్చి గ్లాసెడు నీళ్లు తాగాలి. కొట్టినాక అయితే, కోపం దిగిన తర్వాత పక్కన కూర్చుని "నాకు కోపం వచ్చి కొట్టినా, అది తప్పు" అనాలి. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకుంటే పిల్లలు అదుపులో ఉండరని మన భయం. నేను చూసినంతలో అట్లా ఏమీ కాలేదు.

ఇదంతా ఎందుకంత పట్టుబట్టాలంటే, చిన్నప్పటి దెబ్బలు మనసుతో ఆగవు. అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు వేల మంది పెద్దవాళ్లను చిన్నతనం గురించి అడిగి 1998లో లెక్క బయటపెట్టారు. కొట్టడం, లైంగిక వేధింపు, తల్లిని కొడుతుంటే చూడడం, ఇంట్లో తాగుడు లాంటివి ఎన్ని ఎక్కువుంటే పెద్దయ్యాక గుండెజబ్బు, దిగులు, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నం అంతంత పెరుగుతూ కనిపించాయి. అట్లాగని ప్రతి బిడ్డకూ అదే రాసిపెట్టి ఉందని కాదు.

రాత్రుళ్లు

పగలంతా బాగానే ఉంటారు. దీపం ఆర్పినప్పుడే మొదలవుతుంది. ఉలిక్కిపడి లేవడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ రావడం, పడుకునే ముందు కడుపునొప్పి. ఇది నాటకం కాదు. పక్క తడిపితే నలుగురిలో చెప్పి నవ్వకుండా, గుడ్డ మార్చి పడుకోబెట్టాలి.

ఉలిక్కిపడి లేచిన బిడ్డను ముందు పట్టుకోండి, మాటలు తర్వాత. ఊపిరి ఎగబీలుస్తుంటే ఒక చిట్కా ఉంది, మా బడిలో రోజూ చేయిస్తాను. దోసిట్లో వేడి సంగటి ముద్ద ఉందనుకుని మెల్లగా, పొడుగ్గా ఊదమనండి. లోపలికి తీసుకునే గాలి కంటే బయటికి వదిలేది ఎక్కువసేపు ఉంటే గుండెదడ నెమ్మదిస్తుంది. ఐదారు ముద్దలు చల్లారేసరికి కళ్లు తెరిచి చుట్టూ చూస్తారు.

జడుసుకున్నాడని అంత్రం, అంటే తాయెత్తు, కట్టిస్తారు, దిష్టి తీస్తారు. చదువుకున్నవాళ్లు దాన్ని వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. దిష్టి తీసేటప్పుడు ఇంటిల్లిపాదీ బిడ్డ చుట్టూ నిలబడతారు, వాడి భయాన్ని నిజమని ఒప్పుకుంటారు. అది చిన్న సంగతి కాదు. తాయెత్తు కట్టాక మాత్రం ఒక ప్రశ్న అడగండి: "ఏం చూసి జడుసుకుంటివి?" ఆ ప్రశ్న అడక్కపోతే తాయెత్తు నోటికి కట్టినట్టే.

ఎవరింటికి పోనంటాడో గమనించండి

అమ్మానాన్న ఊళ్లో లేరని ఊరందరికీ తెలుసు. చెడ్డవాళ్లకూ తెలుసు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో, మన ఆంధ్రప్రదేశ్‌తో సహా, 12,447 మంది పిల్లలతో మాట్లాడించింది. సగానికి పైగా ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. అందులో మగపిల్లలు కూడా ఎక్కువే. చేసినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లూ, నమ్మినవాళ్లే. ఎక్కువ మంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు.

పోయే ముందు బిడ్డతో కూర్చుని ముగ్గురి పేర్లు చెప్పించండి: ఏదైనా అయితే ఎవరికి చెప్తావు? అవ్వ, పక్కింటి పిన్నమ్మ, టీచరు. చెడ్డీ లోపలి భాగాలను ఎవరైనా తాకితే, తాకమంటే, 'ఎవరికీ చెప్పొద్దు' అంటే ఆ మాటే చెప్పాలని నేర్పండి. 1098 కూడా కంఠస్థం చేయించండి, అది పిల్లల కోసం ఉన్న నంబరు, పైసా ఖర్చు లేదు.

బిడ్డ ఫలానా మామ ఇంటికి పోనని మొండికేస్తే తోయకండి. ఏదైనా చెప్తే అవ్వ మొహం మారకూడదు, అది చాలా కష్టం. "నువ్వు చెప్పినావు, మంచిపని చేసినావు. తప్పు నీది కాదు." అంతకు మించి తవ్వి తవ్వి అడగొద్దు, పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. అప్పుడు బిడ్డ వేసుకున్న బట్టలు ఉతక్కుండా పక్కన పెట్టండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే, కాబట్టి పెద్దల పంచాయితీలో సర్దేయడం కుదరదు. బిడ్డను స్టేషన్ చుట్టూ తిప్పాల్సిన పని లేదు. వాంగ్మూలం ఇంట్లోనే లేదా బిడ్డకు నచ్చిన చోట, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. ముందు కేసు కాగితం తెమ్మని ఆసుపత్రిలో వైద్యం ఆపకూడదు. ఇంత రాసి ఉన్నా ఎవరో ఒకరు 'పరువు' అంటారు. ఆ మాట అన్నవాణ్ని పక్కకు తప్పుకోమనండి.

ఇంట్లో చావు జరిగితే

అప్పులకు పురుగుల మందు తాగిన రైతులున్న జిల్లాలు మనవి. మనిషి పోతే పిల్లలకు 'ఊరికి పోయినాడు' అని చెప్తాం. వలస ఊళ్లలో ఆ మాట ఎంత చేటో ఆలోచించండి. నాయన ఊరికి పోయి రాలేదు. ఇప్పుడు అమ్మ కూడా ఊరికి పోతానంటోంది. ఒక పిల్ల మూడో తరగతిలో వాళ్లమ్మ సంచి దాచిపెట్టింది, ప్రతిసారీ. ఎందుకో తెలియడానికి మాకు నెల పట్టింది. 'చచ్చిపోయినాడు, ఇక రాడు' అనే మాట నోటికి రాదు గానీ, అదే చెప్పాలి. పక్కన కూర్చుని, పట్టుకుని చెప్పాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

నెల దాటినా నిద్ర కుదరకపోతే, మాట తగ్గిపోతే, ఒకే భయంకరమైన ఆట ఆడుతూ ఉంటే, తనను తాను గాయపరచుకుంటే లేదా చచ్చిపోతానంటే. చివరి రెంటికీ నెల ఆగొద్దు, అదే రోజు పొండి. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం పోలేకపోతే 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళకైనా. అల్లరి పిల్లవాణ్ని అందరూ గమనిస్తారు. 'బంగారం లాంటి పిల్ల, నోరే ఎత్తదు' అనిపించుకునే పిల్లను కూడా ఒకసారి చూడండి.

తిరిగొచ్చిన రోజు

ఉగాదికి బండి దిగుతారు. కొత్త గౌను, జిలేబీ పొట్లం. బిడ్డ అవ్వ కొంగు వెనక దాక్కుంటుంది. నేనైతే ధాన్యం గరిసె వెనక దాక్కుని "ఎవురామె?" అన్నానట, మా అమ్మ జీవితాంతం చెప్పుకుని ఏడ్చింది. మీకు గుండె కోసినట్టుంటుంది. అయినా లాక్కుని ముద్దు పెట్టొద్దు, "మర్చిపోయినావా నన్ను?" అని నిష్ఠూరమాడొద్దు. అరుగు మీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి, బుడ్డలు (వేరుశనగ కాయలు) వొలుస్తూ ఉండండి. కాసేపటికి ఒక కాయ తీసుకోవడానికి చెయ్యి వస్తుంది. తర్వాత మీ గాజులు ముట్టుకుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు వారాలు మిమ్మల్ని బాయి దగ్గరికి కూడా పోనివ్వకుండా కాళ్లకు చుట్టుకుంటే, చిన్న విషయానికి మిమ్మల్నే కొడితే, విసుక్కోకండి. మూడు నెలల కోపం ఉంది, దాన్ని చూపించడానికి మనిషి ఇప్పుడు దొరికింది.

ఆ రాత్రి ఎవరి పక్కన పడుకుంటావని మాత్రం అడగొద్దు. అవ్వకూ మీకూ మధ్యలో పక్క వేయండి.